గొంతు అనే ఫోల్డర్

ఫిబ్రవరి 2

మార్చి పద్నాలుగు. డాక్టరు గోడ మీది క్యాలెండర్ వైపు చూడకుండానే తేదీ చెప్పేశాడు. అక్క స్వరపేటిక తీసేస్తారు. ప్రాణానికి ఢోకా లేదట. మాట మాత్రం ఉండదట. ఊపిరి మెడకు పెట్టిన రంధ్రంలోంచి పీల్చుకోవాలట.

అక్క సిటీబస్సు కండక్టరుగా ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైంది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి అని అన్నేళ్లు అరిచాను డాక్టరుగారూ. జనం జరగలేదు గానీ నా గొంతే జరిగిపోయింది" అంది. డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేదు. స్కూటరు దగ్గరికి వచ్చాక హెల్మెట్ పెట్టుకుని ఏడ్చాను. యాభై నాలుగేళ్లవాణ్ని, సిగ్గు లేకుండా.

షాపులో పనుల పుస్తకం ఉంది. ఏ ఆఫీసులో ఏ కంప్యూటర్ మొరాయించింది, నేనేం చేశాను, అన్నీ అందులో రాస్తాను. ఇది అందులో రాసేది కాదు. అందుకని ఈ పుస్తకం కొన్నాను. ఎవరికీ చూపించను.

ఫిబ్రవరి 4

మాట పోబోయేవాళ్ల గొంతు ముందే దాచిపెట్టే కేంద్రం ఒకటుంది. ఇవాళ అక్కను తీసుకెళ్లాను. వాళ్లిచ్చే వెయ్యి వాక్యాలు చదివి రికార్డు చేస్తే వాటితో అక్క గొంతులాంటి గొంతు తయారు చేస్తారు. ఆపరేషన్ తర్వాత అక్క ఫోనులో టైపు చేస్తే స్పీకరు ఆ గొంతుతో పలుకుతుంది. నాలుగువందలు దాటితే ఏదో ఒకటి వస్తుందట, ఏడువందలు దాటితే మంచిది వస్తుందట.

అక్కడ పనిచేసే అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. "రోజూ చదివినవి పెన్‌డ్రైవ్‌లో వేసి వారానికోసారి తెచ్చివ్వండి సార్, చాలు" అంది.

పెన్‌డ్రైవట. పాతికేళ్లుగా ఆఫీసులకు నెట్‌వర్కులు కట్టి బతుకుతున్నవాడితో అనాల్సిన మాటేనా? పెన్‌డ్రైవ్ పోతుంది, విరుగుతుంది, ఉతికిన చొక్కా జేబులో తేలుతుంది. షాపులోని సర్వర్‌లో ఒక షేర్ ఫోల్డర్ పెడతాను, అక్క చదివింది చదివినట్టు అందులో పడుతుంది, మీరు మీ కుర్చీలోంచే తీసుకోండి అన్నాను. "మీ ఇష్టం సార్, ఇంట్లో కూడా ఒక కాపీ ఉంచుకోండి" అంది. రెండు చోట్ల ఉంటే ఏది అసలో ఏది నకలో తెలియదు, సరుకు ఒక్కచోటే ఉండాలి, అది నా పద్ధతి అన్నాను.

అక్క బయటకొచ్చాక "ఆ పిల్లకి పాఠం చెప్పడానికి వచ్చామా, నా పని మీద వచ్చామా?" అంది.

ఫిబ్రవరి 6

ఫోల్డర్‌కు 'గొంతు' అని పేరు పెట్టాను. మూడు కంప్యూటర్లు, మూడు మతాలు. అక్క ముందు పెట్టింది నా పాత ల్యాప్‌టాప్, అందులో లైనక్స్. అక్క కూతురు, నా మేనకోడలు, బొమ్మలు వేసే పనికి మ్యాక్ వాడుతుంది. కేంద్రంలో విండోస్. ముగ్గురికీ ఒకే ఫోల్డర్ కనపడాలి. ముగ్గురు తోడికోడళ్లకు ఒకటే వంటిల్లు ఇచ్చినట్టుంది. విండోస్ ఎప్పటిదో పాత పాస్‌వర్డ్ పట్టుకుని వేలాడుతూ లోపలికి రానని మొండికేసింది. మ్యాక్ వచ్చింది గానీ పోయినచోటల్లా తన చిన్నచిన్న ఫైళ్లు విడిచిపెట్టింది. మధ్యాహ్నం మూడింటికి ముగ్గురినీ ఒక దారికి తెచ్చాను. చాలా తృప్తిగా అనిపించింది.

అక్క మొదటి వాక్యాలు చదవడం మొదలుపెట్టింది. పక్కగదిలో కూర్చుందామనుకున్నాను. కేబుల్ కొనాలని చెప్పి బయటకు వచ్చేశాను. కేబుల్ నా సంచిలోనే ఉంది.

ఫిబ్రవరి 9

అక్క ఫోను చేసి అరగంట తిట్టింది. "ఈ చచ్చు వాక్యాలు నా జన్మలో ఎప్పుడైనా అన్నానురా? 'నీలిరంగు గొడుగు బల్లకింద ఉన్నది.' ఉంటే ఉండనీ, నాకేం? 'దయచేసి తలుపు మూయగలరా?' నేను తలుపు వేసి చావు అంటాను గానీ మూయగలరా అంటానా?"

అన్ని రకాల శబ్దాలూ రావాలని అలా రాస్తారు అక్కా అన్నాను.

"నా శబ్దాలు నాకు తెలుసు" అని పెట్టేసింది. నూటతొంభై వరకు వచ్చింది. గొంతులో జీర కాస్త పెరిగినట్టుంది. ఫోను వల్ల కావచ్చు.

ఫిబ్రవరి 14

అక్క ఇంట్లో రూటరు కాలిపోయింది. కొత్తది పంపించాను, మేనకోడలు పెట్టుకుంది. ఇంటర్నెట్ వస్తోంది. సరిపోయింది, నేను వెళ్లక్కర్లేదు. 312 దాకా అయింది.

ఫిబ్రవరి 15

అక్క ఫోను. "ఒరేయ్ చిన్నోడా, పాతవి కనపడటం లేదురా. ఫోల్డరంతా ఖాళీగా ఉంది, ఇవాళ చదివినవి మాత్రం వచ్చి కూచుంటున్నాయి." కొత్త రూటరు కదా, సర్దుకుంటుంది, చదువుతూ ఉండు అన్నాను. తర్వాత మేనకోడలు చేసింది. "మావయ్యా, నా మ్యాక్‌లో 312 దగ్గరే ఆగిపోయింది." మ్యాక్ అంతే, నిన్నటి మొహమే ఇవాళా చూపిస్తుంది అన్నాను.

వెళ్లి చూడాలి.

ఫిబ్రవరి 16

వెళ్లలేదు. షాపులో పని.

ఫిబ్రవరి 19

పని.

ఫిబ్రవరి 22

వెళ్లాను, కానీ ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. అక్క దానిముందు కూర్చుని చదువుతోంది, కదిలించడం ఎందుకని. 480 దాటిందట.

కాఫీ తాగుతూ పిన్ని సంగతి ఎత్తింది. పిన్నికి ఎనభై ఆరేళ్లు. అమ్మ పోయాక మమ్మల్నిద్దరినీ పెంచింది తనే. ఇప్పుడు వేరే ఊళ్లో కొడుకు దగ్గర ఉంది, బస్సులో అయిదు గంటలు. కళ్లు పోయి పదేళ్లయింది. ఫోనులో ఏమీ వినపడదు, చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి.

"దానికి ఆపరేషన్ సంగతి చెప్పొద్దు" అంది అక్క. "ఈ వయసులో ఎందుకు? ఎనిమిదో తారీఖు పొద్దున బయలుదేరి వెళ్తాను. నాలుగు రోజులు దాని పక్కన కూచుని, దాని చెవి వాచేదాకా మాట్లాడి, పదకొండున వచ్చేస్తాను. పన్నెండున ఆసుపత్రి వాళ్లు చేర్చుకుంటామన్నా సరే. కళ్లు లేనిదానికి నేనంటే ఏంటిరా? నా నోరే కదా."

నేను తోడు రానా అన్నాను. "నువ్వొస్తే అక్కడా ఏదో ఒక వైరు పీకుతావు. వద్దు" అంది.

ఫిబ్రవరి 27

640. ఇవాళ 'ష' పలకడానికి ఇబ్బంది పడిందని మేనకోడలు చెప్పింది.

మార్చి 4

790. చాలు, ఇక్కడితో ఆపమన్నాను. అక్క సంతోషంగా ఉంది. పిన్నికని రెండు మెత్తటి దుప్పట్లు కొన్నారట. తల్లీకూతుళ్లు బ్యాగు కూడా సర్దేశారు, ఇంకా నాలుగు రోజులుండగానే. నాకూ గర్వంగానే ఉంది. పెన్‌డ్రైవట.

మార్చి 7

వరసగా రాస్తాను.

పదింటికి కేంద్రం అమ్మాయి ఫోను. "సార్, మిగతావి ఎప్పుడు పెడతారు? నా దగ్గర మూడువందల పన్నెండే ఉన్నాయి."

"ఏడువందల తొంభై ఉన్నాయమ్మా. సరిగ్గా చూడు."

"చూశాను సార్. మూడు వారాలుగా కొత్తవి రాలేదు. మీరు అన్నీ ఒకేసారి పెడతారేమో అనుకున్నాను."

అక్క ఇంటికి స్కూటరు మీద ఎలా వెళ్లానో తెలియదు. వెళ్లీ వెళ్లగానే, ఫోల్డర్ తెరవకుండానే, అలవాటు కొద్దీ సర్వర్‌ను మళ్లీ కలిపే కమాండ్ కొట్టాను. అప్పుడు తెరిచాను. మూడువందల పన్నెండు. ల్యాప్‌టాప్ మొత్తం వెతికాను. లేవు. మ్యాక్‌లో వెతికాను. లేవు. షాపుకెళ్లి సర్వర్‌లో వెతికాను. లేవు. ల్యాప్‌టాప్ డిస్కు ఎంత నిండింది, కనపడే ఫైళ్లు ఎంత అని చూస్తే లెక్క కలవలేదు, డిస్కు కాస్త ఎక్కువే నిండినట్టుంది. లైనక్స్ సొంత సామాను ఏదో ఉంటుందిలే అనుకున్నాను.

తర్వాత సర్వర్ చిట్టా తీశాను, ఎవరు ఏ ఫైలు ఎప్పుడు ముట్టుకున్నారో అందులో ఉంటుంది. దొరికింది. మార్చి 5, పదకొండు నలభై, కేంద్రం వాళ్ల ఖాతా నుంచి చెరిపివేతలు. వరసగా. చిట్టాలో మూడువందల చిల్లర ఉన్నాయి, పోయినవి నాలుగువందల డెబ్భై ఎనిమిది. మిగతావి చిట్టాకు ఎక్కి ఉండవు. షేర్ ఫోల్డర్‌లో చెరిపినవి చెత్తబుట్టలో పడవు. పోతే పోవడమే.

ఫోను చేసి ఆ అమ్మాయిని అడిగాను. "సార్, అవి నేను కత్తిరించుకోవడానికి పక్కన చేసుకున్న కాపీలు, మీవి ముట్టుకోలేదు" అంది. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఏడుస్తూ పెట్టేసింది.

అదే రోజు, సాయంత్రం

అక్కకు చెప్పాను. "ఆ పిల్లను ఏమన్నావు?" అంది.

అనాల్సిందే అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు. సరేలే, ఉన్న మూడువందలతోనే చెయ్యమను. పొద్దున ఏడింటి బస్సుకి నేను పోతున్నా."

మూడువందలతో వచ్చే గొంతు రేకుడబ్బాలా ఉంటుంది అక్కా అన్నాను. అసలు వస్తుందో రాదో. ఇంకా అయిదు రోజులున్నాయి. రోజుకు తొంభై, వంద చదివితే మళ్లీ పూర్తవుతుంది. పిన్ని దగ్గరికి ఆపరేషన్ అయ్యాక వెళ్దాం, ఆ గొంతు పట్టుకునే వెళ్దాం. పిన్నికి తేడా తెలియదు.

"గొంతు నాకు ఇప్పుడుందిరా" అంది అక్క. "ఉన్నన్నాళ్లూ అది ఎవరి చెవిలో పడాలో వాళ్ల చెవిలో పడనీ. ఆ డబ్బాలో ఎందుకు?"

అప్పుడు నేను ఏడ్చాను. కావాలని ఏడవలేదు. కానీ నేను ఏడిస్తే అక్క ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆరేళ్లప్పటి నుంచీ తెలుసు. అక్క నా వీపు మీద ఒక్కటిచ్చి, "ఊరుకో. ముక్కు తుడుచుకో. నీ మాట ఎప్పుడు కాదన్నాను గనక. పెట్టు నీ మెషీను" అంది.

పిన్ని కొడుక్కి తనే ఫోను చేసి చెప్పింది, రావడం కుదరదని. బ్యాగు విప్పలేదు, మంచం కిందికి తోసింది.

మార్చి 8

405. నేను పక్కనే కూర్చున్నాను. ప్రతి ఫైలూ రెండు చోట్ల పెడుతున్నాను. పెన్‌డ్రైవ్‌లో కూడా.

మార్చి 9

498. నీలిరంగు గొడుగు వాక్యం లాంటిదే ఇంకొకటి వచ్చింది. అక్క ఏమీ అనకుండా చదివేసింది. అలసిపోయింది.

మార్చి 10

590. గంటకోసారి వేడినీళ్లు. ఒక్కో వాక్యం రెండు మూడుసార్లు. మధ్యాహ్నం గొంతు చిరిగినట్టు అయింది. కాసేపు ఆపుదామా అంటే చేత్తోనే వద్దంది.

మార్చి 11

675. మేనకోడలు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "అమ్మతో కాస్త మాట్లాడాలి మావయ్యా. ఖాళీ ఎప్పుడు?"

"ఇంకో నలభై అయ్యాక" అన్నాను.

నలభై అయ్యాక అక్క పడుకుంది. రాత్రిళ్లు మాట్లాడకుండా గొంతుకు విశ్రాంతి ఇమ్మన్నాడు కదా డాక్టరు. మేనకోడలు మళ్లీ అడగలేదు.

మార్చి 12

740 దగ్గర ఆగాం. మధ్యాహ్నం నుంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఆఖరున తిన్నగా వచ్చిన వాక్యం: 'రేపు వర్షం పడవచ్చు.'

ఏడువందలు దాటింది. మంచిదే వస్తుంది. అనుకున్నది సాధించాం.

మార్చి 13

ఆసుపత్రి. మేనకోడలు తల్లి మంచం పక్కన కూర్చుని తనే మాట్లాడుతూ ఉంది. అక్క తల ఊపుతూ వింది. ఒకసారి నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

మార్చి 14

తీసేశారు.

మార్చి 20

చిన్నపిల్లల పలక ఒకటి కొనిచ్చాను. 'నీళ్లు'. 'ఫ్యాన్ తగ్గించు'. 'నువ్వు తిన్నావా'. మెడకు గుడ్డ కట్టారు. దగ్గితే ఆ గుడ్డలోంచి వస్తుంది దగ్గు. నేను ఇంకా అటు చూడలేకపోతున్నాను, పలకవైపే చూస్తాను.

మార్చి 28

ఇంటికొచ్చింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పక్కవాటావిడ కూడా అదే మాట అంది. ఆవిడకూ అక్కకూ పదేళ్లుగా నీళ్ల ట్యాంకు దగ్గర తగువు. ఇవాళ వచ్చి ఊరికే కూర్చుని వెళ్లింది.

ఏప్రిల్ 3

రాయాలి. రాసి తీరాలి.

అక్క టైపు చేసుకోవడానికి ల్యాప్‌టాప్ సిద్ధం చేద్దామని వెళ్లాను. షాపులో సర్వర్ దుమ్ము దులుపుతున్నాం, అందుకని ముందు దానితో ఉన్న లంకె తీసేశాను. తీసేశాక 'గొంతు' ఫోల్డర్ ఖాళీగా కనపడాలి. కనపడలేదు. 313. 314. 315. కిందికి జరుపుతూ పోయాను. 790 దాకా ఉన్నాయి. ఒక్కటి తగ్గలేదు.

షాపులో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేను చెప్పే పాఠం ఇది. సర్వర్‌లోని ఫోల్డర్‌ను తెచ్చి ఇక్కడి ఒక ఖాళీ ఫోల్డర్ మీద పరుస్తాం. మంచం మీద దుప్పటి పరిచినట్టు. లంకె తెగితే దుప్పటి పోయి ఉత్త మంచం మిగులుతుంది, మనిషికి తెలియదు, సామాను ఆ మంచం మీదే పెట్టుకుంటూ పోతాడు. ఆ తర్వాత ఎవడో తెలివైనవాడు వచ్చి మళ్లీ దుప్పటి పరుస్తాడు. సామాను ఎక్కడికీ పోదు. దుప్పటి కింద ఉంటుంది. ఎంత వెతికినా దొరకదు. అందుకని, పరిచేముందు కింద ఏముందో చూడండిరా అని ఎంతమందికి చెప్పానో.

కొత్త రూటరు పెట్టిన రోజు లంకె తెగింది. మార్చి 7న వచ్చి దుప్పటి పరిచింది నేను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. వెతికి, ఆ అమ్మాయిని దొంగను చేశాను.

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఫిబ్రవరి 15. అక్క చెప్పింది. 'ఫోల్డరంతా ఖాళీగా ఉంది, ఇవాళ చదివినవి మాత్రం వచ్చి కూచుంటున్నాయి.' రోగం పేరు తప్ప అన్నీ చెప్పేసింది. మేనకోడలు మిగతా సగం చెప్పింది. నా చేత్తోనే రాసుకున్నాను. కిందే 'వెళ్లి చూడాలి' అని కూడా ఉంది. ఎందుకు వెళ్లలేదు? పని అని రాశాను. ఆ వారం షాపులో పనేమీ లేదు. అక్క చదువుతుంటే వినలేక వెళ్లలేదు.

655 విన్నాను. వాక్యం అయిపోయాక ఆపడం మర్చిపోయింది. "ఏమే, పిన్నికి దుప్పట్లు మెత్తటివి చూసి తీసుకో. దానికి గరుకు తగిలితే ఇల్లు పీకి పందిరేస్తుంది" అని కూతురితో అంటోంది, నవ్వుతూ. గొంతు ఇంకా బాగుంది అప్పటికి.

అయిదు రోజులు. నాలుగు రోజులు పిన్నివి, మిగిలింది కూతురిది. అన్నీ నేను తినేశాను. అక్క కోసం అనుకున్నాను. కాదు. నాకు కావలసివచ్చింది ఆ గొంతు. పోయిందన్న మాట నేను తట్టుకోలేకపోయాను, అంతే.

ఏప్రిల్ 4

కేంద్రానికి వెళ్లాను. అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడింది. చెప్పాను, మొత్తం. తప్పు నాదేనమ్మా, క్షమించు అన్నాను.

"ఆ రోజు నుంచి ఏ ఫైలు చెరపాలన్నా భయమేస్తోంది సార్" అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత నేను తెచ్చిన పెన్‌డ్రైవ్ తీసుకుని నాలుగైదు విని, "ఇవి చాలా బాగున్నాయి సార్. తర్వాత చదివినవాటిలో నొప్పి వినపడుతోంది. వాటిని పక్కన పెట్టేసి వీటితో మళ్లీ మొదటినుంచి చేస్తాను" అంది.

పక్కన పెట్టేస్తుంది. ఆ అయిదు రోజులనూ.

ఏప్రిల్ 6

అక్కకు చెప్పాను. బల్లకు ఇవతల కూర్చుని, బల్లవైపే చూస్తూ చెప్పాను. అక్క పలక తీసుకుంది.

'ఆ పిల్లకి చెప్పావా?'

చెప్పాను అక్కా, కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను అన్నాను.

తుడిచింది. మళ్లీ రాసింది.

'మరి పిన్ని?'

అక్క కాసేపు పలక అలాగే పట్టుకుని, తర్వాత తుడిచి, లోపలికి వెళ్లి పడుకుంది. తిట్టడానికి నోరు లేదని నాకు కలిసొచ్చిందనుకోవాలా?

ఏప్రిల్ 7

షాపు తెరవలేదు.

ఏప్రిల్ 12

అక్క ఫోను చేయమంది, పిన్ని కొడుక్కి. పిన్ని బాగానే ఉందట. అక్క వస్తానని రాలేదని రోజూ సణుగుతోందట. మే తొమ్మిదిన వస్తున్నామని చెప్పాను. ఆపరేషన్ సంగతి అతనికి ఒక్కడికే చెప్పాను. పిన్నికి చెప్పకూడదన్నది అక్క మాట. పలక మీద రెండుసార్లు రాసింది, గట్టిగా.

ఏప్రిల్ 28

గొంతు తయారైంది. అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి ఇచ్చారు, అక్క ఫోనుకు కలిపాను. ఈసారి అన్నీ మూడుసార్లు పరీక్షించాను. అక్క టైపు చేసింది.

"ఒరేయ్ చిన్నోడా."

అదే. జీర పట్టకముందు అక్క. బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి ముందు సీటువాడికి వినపడేలా పిలిచే అక్క. మేనకోడలు కళ్లు మూసుకుని, "ఇంకోటి అను అమ్మా, ఇంకోటి" అంది. అక్క చాలాసేపు టైపు చేస్తూ కూర్చుంది. కూతురు కళ్లు తెరవలేదు. నేను మాత్రం అక్క మొహం చూశాను. పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి.

కేంద్రం అమ్మాయికి ఫోను చేసి అద్భుతంగా ఉందమ్మా అన్నాను. నిజమే చెప్పాను.

మే 9

పొద్దున ఏడింటి బస్సు. అక్క కిటికీ పక్కన. మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుంది. మంచం కింది బ్యాగే తెచ్చింది, దుప్పట్లు అందులోనే ఉన్నాయి. కండక్టరు కుర్రవాడు టిక్కెట్లు అడుగుతూ వస్తే వాణ్ని ఎగాదిగా చూసింది. ఫోను తీసి ఏదో టైపు చేయబోయి మానేసింది.

పిన్ని మేడమీద వెనకగదిలో, మంచం మీద కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. అక్క వెళ్లి ఎడమపక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నేను కుడిపక్కకు వెళ్లాను. స్పీకరు చెవికి దగ్గరగా పెట్టాలి, కుడిచెవే కాస్త నయం. ఏ పక్క కూర్చోవాలో నేనే చెప్పాను అక్కకు. ముందుగా ఆలోచించి పెట్టుకున్నది.

"ఎవరూ?" అంది పిన్ని.

అక్క ఒంటిచేత్తో టైపు చేసింది. స్పీకరు పలికింది. "నేనే పిన్నీ, పెద్దదాన్ని. ఇంకా బతికే ఉన్నావా?"

పిన్ని మొహం విచ్చుకుంది. గబుక్కున నా వైపు, స్పీకరు వైపు తిరిగింది. "ఏమే పెద్దదానా. ఇన్నాళ్లకు తీరిందా నీకు? మార్చిలో వస్తానని చెప్పి ఎగ్గొడతావా? నీకోసం రోజూ తలదువ్వుకుని కూచున్నాను."

"పని పడింది పిన్నీ."

"ఏం పని? రిటైరైనదానికి ఏం పని?"

అక్క టైపు చేయడానికి కాస్త సమయం పట్టింది. "చిన్నోడికి సాయం చేశాను. వాడి పని ఒకటి ఆగిపోతే."

"వాడికి ఎప్పుడూ నువ్వే దిక్కు" అంది పిన్ని. నేను అక్కడే ఉన్నాను. ఉన్నానని పిన్నికి చెప్పలేదు.

అలా అరగంట. పిన్ని అడగడం, స్పీకరు చెప్పడం. పిన్ని రెండుసార్లు పకపకా నవ్వింది. నువ్వు మాట్లాడే ముందు ఆలోచించడం ఎప్పుడు నేర్చుకున్నావే అని కూడా అంది. గొంతు మీద ఒక్క అనుమానమూ రాలేదు. తేడా తెలియదు అని నేను అక్కతో అన్నాను కదా, తెలియలేదు.

అప్పుడు పిన్ని గొంతు తగ్గించి, స్పీకరు వైపు వంగి అడిగింది. "ఇందాకటి నుంచి ఎవరో నా ఎడంచెయ్యి పట్టుకుని కూచున్నారు. ఒక్క మాటా లేదు. చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. ఎవరే ఆ అమ్మాయి?"

చెప్పేద్దామని అక్కవైపు చూశాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఫోను ఒళ్లో పెట్టుకుని ఒక్కో అక్షరమే నొక్కుతోంది. రెండుసార్లు చెరిపి మళ్లీ రాసింది.

"నాకు తోడొచ్చింది పిన్నీ" అంది స్పీకరు. "దానికి మాటలు రావు."

"అయ్యో, పాపం" అంది పిన్ని. అక్క చేతిని ఒకసారి తట్టి, తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, రెండు చేతులూ స్పీకరు వైపు చాచింది. "నువ్వు ఇలా దగ్గరికి రావే పెద్దదానా. ఎంత దూరంగా కూచున్నావు?"

నేను స్పీకరును ఇంకొంచెం దగ్గరికి జరిపాను.